కంచె నడిచిన రాత్రులు

మా ముత్తవ్వ కింతురాయ్‌కి చదువు రాదు.
గొలుసు పట్టుకొచ్చిన సర్వేయరు
నది ఒడ్డున బల్ల వేయించుకుని
ఆమె కొండని కాగితంలో మడతపెట్టి ఇచ్చాడు.
"ఇంత మీది."
మిగతాది ఎవరిదని అడిగిందామె, మా మాపుచే మాటలో.
దుబాసీ అప్పటికే గుర్రమెక్కాడు.

ఆ చలికాలం నించి కంచెకి కాళ్లొచ్చాయి.
పడుకునేటప్పుడు పెవెన్ చెట్టుకి అవతల,
తెల్లారేసరికి ఇవతల.
ఓనాడు వాగు కూడా దాటింది
తడవకుండా.
కంచె చేను మేస్తుందంటారు గాని
ఇది గింజ ముట్టదు,
మన్నే మేస్తుంది.

ముత్తవ్వ గుంజ పక్కనే గొంగళి కప్పుకుని
ఈనబోయే గొర్రెని కాసినట్టు కాసేది.
ఓ రాత్రి కునుకు పట్టింది.
లేచి చూస్తే
తనే కంచెకి అవతల ఉంది.
పరాయి నేలలో చొరబడిందని
ఠాణాలో రెండు గొర్రెలు జరిమానా.

ఆ కాగితం ఇంకా ఉంది మా దగ్గర,
మడతల దగ్గర చిరిగి.
నది గీసిన నీలం సిరా మాత్రం వెలవలేదు.
మొన్న మా తమ్ముడు తెముకో కోర్టుకి పట్టుకెళ్తే
గుమస్తా కళ్లజోడు పైకి తోసి అడిగాడట:
"ఏదీ, ఈ నది?"
పైను తోటలు తాగేశాయని
రాసుకోమన్నాడు వాడు.