కొసరు

ధైద్ దాటినంక ఎడమకు తిరిగితే
సిమెంటు కంపెనీ వెనుక, దుమ్ముకు తెల్లబడ్డ గుట్ట కింద
పన్నెండు వేల గుంతలు.
గుంతకొక నల్లపైపు, పైపుకొక బొట్టుకన్ను.
నేను తవ్వేటోణ్ణి కాదు, లెక్క రాసేటోణ్ణి.
పదో తరగతి పాసైన పాపానికి
పార గుంజుకొని అట్ట చేతికిచ్చిండు బినోయ్ సారు.

సర్కారు గ్రాంటు మూడు కిస్తులంట.
గుంత తవ్వితే మొదటిది,
మొక్క నిలబడితే రెండోది,
రెండు ఎండకాలాలు దాటితే ఆఖరుది.
మొత్తం మొక్కకు నలభై రెండు దిర్హాములు.
నా దినం కూలి ముప్పై ఎనిమిది.
రాత్రి మంచమెక్కి తీసేసి చూసుకున్న:
జానెడు మొక్క నాకంటె నాలుగు ఎక్కువ.
కోపం రాలే. దానికి శుక్రవారం గూడ సెలవు లేదు గదా.

మొక్క పేరు గాఫ్ అన్నడు ఇంజనీరు.
కాగితంల దాని పేరు యూనిట్.
ట్యాంకరు నడిపే అల్లాదిత్తా కిటికీల నుంచి తల పెట్టి
"మా ముల్తాన్ల దీన్ని జండ్ అంటరు" అని నవ్విండు.
ఒక రెమ్మ వేళ్ళ నడుమ నలిపి చూసిన.
ముల్లు గుచ్చింది.
అరే, ఇది జమ్మి!
దసరా పొద్దుమూకి, ఎంత పగ ఉన్నోని చేతులనైనా పెట్టి
"బంగారం" అనే ఆకు.
ఇక్కడ నిజంగనే రేటు కట్టిండ్రు.

జూన్ల బోరు నీళ్ళు ఉప్పెక్కినయి.
వరుసలకు వరుసలు అగ్గిపుల్లలైనయి.
నా అట్ట మీద ఇంటూ మార్కులు చీమల బారు కట్టినయి.
బినోయ్ సారు చాలసేపు చూసిండు, తిట్టలే.
"నూటికి ఎనభై బతకాలె. లేకుంటె కిస్తు రాదు,
కిస్తు రాకుంటె మీ ఓవర్‌టైం రాదు" అన్నడు మెల్లగ,
తన బిడ్డ ఫీజు సంగతి చెప్తున్నట్టు.

తనిఖీకి ముందు మూడు రాత్రులు
నర్సరీ నుంచి లారీలొచ్చినయి.
సెల్‌ఫోన్ వెలుతుర్ల ఎండినవి పీకి పచ్చనివి పెట్టినం,
ప్లాస్టిక్ కుండీతోని సహ,
మళ్ళ వాపసు ఇయ్యాలె గనుక.
షఫీకుల్ మన్ను కప్పుకుంట ఏదో గొణిగిండు.
దువానో, బూతో, నేను అడగలే.
ఇంటూలు చెరిపి టిక్కులు పెట్టుకుంట కూసున్న.
రబ్బరు అరిగిపోయింది.

మౌజా మేడం ఏడింటికే వచ్చింది.
నల్ల అబాయా అంచుకు ఎర్రమన్ను.
ఫోటోలు కొట్టుకుంట నడిచి నడిచి
చివరి వరుసల ఒక్కకాడ కూసున్నది.
గుంజలే. ఒక్క వేలుతోని మన్ను జరిపింది.
కుండీ అంచు కనబడ్డది.
ఆమె నా దిక్కు చూసింది, నేను అట్ట దిక్కు చూసిన.
మన్ను కప్పి లేచింది.
ఏం రాసుకున్నదో నాకు తెల్వదు.

పోతు పోతు మా క్యాబిన్ వెనుక ఆగింది.
అక్కడ ఏ వరుసల లేకుండ ఒకటి లేచి ఉన్నది,
విరిగిందని నర్సరోళ్ళు పారేసిన మొక్క.
వాల్వు కారిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు,
మేం పుక్కిలించి ఉమ్మిన నీళ్ళు తాగి మోకాలెత్తయింది.
"దీని నంబరెంత?" ఉర్దూల అడిగింది.
"లెక్కల లేదు మేడం, కొసరు" అన్న.
ఆ మాటకు ఉర్దూ దొరకలే.
ఏమర్థమైందో, తలూపింది.

దసరా వచ్చింది. కిస్తు రాలే. రాదని గూడ ఎవ్వరు చెప్పలే.
మా పాస్‌పోర్టులు ఆఫీసు బీరువల ఉన్నయి,
మూటగట్టి జమ్మి మీద దాచినట్టు.
దించే రోజెప్పుడో పాండవులకు తెలుసు, మాకు తెల్వదు.

పొద్దుమూకినంక కొసరు కాడికి పోయి
నాలుగు రెమ్మలు తెంపిన. అంతే. చిన్నది గదా.
అల్లాదిత్తాకొకటి, షఫీకుల్‌కొకటి.
"బంగారం" అంటే నవ్వి అలాయ్ బలాయ్ తీసుకున్నరు.
బినోయ్ సారుకు ఇచ్చిన. తిప్పి తిప్పి చూసి
అంగీ జేబుల, పెన్ను పక్కన పెట్టుకున్నడు.

నాలుగోది అట్ట క్లిప్పు కింద పెట్టిన,
రబ్బరు రాకి రాకి కాగితం చినిగిన జాగల.