గొలుసు బయటికి

పర్లాకిమిడిలో వాన వెలిసి పావుగంట.
దండాసి కొట్టు ముందు రెండు సైకిళ్ళు,
రెండూ విశాఖలో ఎవరో తొక్కి వదిలేసినవే,
రెండిటికీ పొట్టేలు కొమ్ముల్లా
కిందికి తిరిగిన హాండిల్.

నల్లది కార్బన్.
దండాసి రెండు వేళ్ళతో ఎత్తి చూపిస్తే
పక్క మిఠాయి కొట్టు బెహరా
జిలేబి తిప్పడం ఆపి మరీ చూశాడు.
రెండోది అల్యూమినియం, పాచిరంగు,
కిలోంపావు బరువెక్కువ,
సీటు కింద ఎవరిదో పేరు, సగం చెరిగింది.

నా దగ్గర నలభై రెండు వేలు.
రెండేళ్ళ లెక్కల ట్యూషన్లు,
పైన తాకట్టు కొట్లో ఒక గొలుసు.
"మెళ్ళో గొలుసు పోయి
కాళ్ళ కింద గొలుసొస్తాదన్నమాట"
అంది అమ్మ, పొద్దున, బియ్యం చెరుగుతూ.

జనవరిలో పందెం, పుణె అవతల.
ముప్పావుగంట, బురదలో, ఇసుకలో.
తొక్కగలిగినంత తొక్కాలి,
తొక్కలేని చోట ఆగకుండా దిగి
సైకిల్ని భుజాన వేసుకుని
మెట్లెక్కి పరుగెత్తాలి.

దండాసి బరువు సంగతి ఎత్తలేదు.
టైరుకీ ఫోర్కుకీ మధ్య బొటనవేలు దూర్చాడు.
నల్లదాంట్లో గోరు దగ్గరే ఆగిపోయింది.
పాచిరంగుదాంట్లో కణుపు దాకా.
కాలవ గట్టు నుంచి ఎర్రమట్టి దోసెడు తెచ్చి
రెండు చక్రాలకీ మెత్తి
తిప్పాడు.
నల్లది మూడు చుట్లు తిరిగింది,
మూలిగింది,
నిలబడిపోయింది.
రెండోది మట్టిని నా పంజాబీ డ్రెస్సు మీదికి
ఉమ్మేస్తూ తిరుగుతూనే ఉంది.

అంతసేపూ నాన్న పాత టైర్ల గుట్ట మీదే.
ఇప్పుడు లేచి పాచిరంగుదాని చుట్టూ తిరిగాడు,
సంతలో గొడ్డుని చూసినట్టు.
"కేరేజీ ఏది?"
లేదు.
"స్టాండు?"
లేదు.
"నీల్ల సీసా ఎక్కడెడతారు?"
అక్కడ సీసా ఉంటే చెయ్యి దూరదు నాన్నా.
"మరిది ఏటి మోస్తాది?"
ఏమీ మోయదు. నేనే దాన్ని మోస్తాను.

నవ్వుతాడనుకున్నాను.
ఇరవై ఆరేళ్ళు
పాతపట్నంలో ఎండుచేపలు ఎత్తుకుని
గుమ్మ సంతకి తొక్కిన కూర్మారావు నవ్వలేదు.
వెళ్ళేటప్పుడు నెత్తళ్ళు, వచ్చేటప్పుడు చింతపండు.
వాగు పొంగిన రోజు
ముందు బుట్ట దాటించేవాడట,
మళ్ళీ ఇవతలికొచ్చి సైకిలు.
ఇరవై రెండు కిలోల ఇనుము,
మొలలోతు నీళ్ళు.
ఇది నాకు ఇంతవరకూ తెలియదు.
తెలియదని కూడా తెలియదు.

"కుడి బుజం మీదెయ్యి," అన్నాడు,
"సెయ్యి మద్దిలోంచి పోనిచ్చి కొమ్ము పట్టుకో.
గొలుసు బయటికుండాల.
లోపలికుంటే ఒళ్ళంతా గ్రీసు.
మూడు సొక్కాలు పోనాక తెలిసింది నాకు."

రేవు దాకా నడిచాం ముగ్గురం.
మహేంద్రతనయ కాఫీ రంగులో పారుతోంది.
పద్నాలుగు మెట్లు.
నల్లదాన్ని ఎత్తుకుని ఎక్కాను:
తేలికే, కానీ పదో మెట్టుకి
దాని అంచు నా ఎముకని వెతుక్కుంది.
పాచిరంగుదానికి పై గొట్టం అడుగున
కాస్త చదును,
ఎవరో అరచేత్తో నొక్కినట్టు.
ఎక్కాను, దిగాను,
ఇంకోసారి ఎక్కాను,
ఎవరూ ఎక్కమనకుండానే.

దండాసి నలభై ఐదన్నాడు.
నాన్న ముప్పై ఐదన్నాడు.
కాసేపు ఒడియాలో, కాసేపు తెలుగులో తిట్టుకుని
నలభై దగ్గర ఇద్దరూ అలిసిపోయారు.

ఇంటికి తొక్కుకుంటూ రాలేదు నేను.
బజారంతా భుజం మీదే.
బెహరా మళ్ళీ జిలేబి ఆపాడు.
వెనక నాన్న:
"గంటొకటి బిగించుకో, దార్లో ఆవులుంటాయి."
పందెంలో ఆవులుండవు నాన్నా.
"ఉండవని
నీకెవులు సెప్పినారు?"