మూడో పాటలో సైరన్

నాలుగువేల రెండొందలు.
వనజకి ఎనిమిదొందలని చెప్పాను.

నుంగంబాకం కొట్టు కుర్రాడు
పట్టుచీర మడత విప్పినట్టు విప్పి చూపించాడు.
"నూటెనభై గ్రాములు సార్,
అసలు టేపుల్నించి మళ్ళీ తీశారు,
గరగర అన్నది ఒక్కటుండదు."
గ్రాముల్లో చెబుతున్నావు, తరుగెంత బాబూ అన్నాను.
పాపం వాడికి అర్థం కాలేదు.

అట్ట మీద ఆ నలుగురే.
మూసేసిన షట్టరు ముందు, చిరిగిన మోకాళ్ళతో.
నాకు అరవై రెండొచ్చాయి.
వాళ్ళ ప్యాంట్లకి ఇంకా ఎవరూ మాట్లు వెయ్యలేదు.

ఎనభై మూడు. పెరంబూరు రైల్వే క్వార్టర్సు.
నెవిల్ మేనమామ ఓడ దిగుతూ తెచ్చిన ప్లేటు,
తెల్లారితే తిరిగిచ్చెయ్యాలి.
ప్లేయరుంది, టేప్‌రికార్డరుంది, మధ్యన వైరు లేదు.
రెంటినీ పెళ్ళిచూపుల్లోలా ఎదురెదురుగా కూర్చోబెట్టి
మేం గోడకి అతుక్కుని ఊపిరి బిగబట్టాం.
మూడో పాట సగంలో
లోకో వర్క్స్ సైరను కూసింది.

ఉన్నది ఒక్కటే క్యాసెట్టు.
అలాగే ఉంచేశాం.

వందసార్లు విన్నాక అది వాళ్ళ వాయిద్యమే అయిపోయింది.
"పనికి పోను" అని అరుస్తున్నాడని నెవిల్ చెప్పేవాడు.
పోను, పోను, పోను,
వెంటనే మా రెండో షిఫ్టు సైరను.
నవ్వుకుంటూ క్యారేజీలు పట్టుకుని
పోయేవాళ్ళం, ఇద్దరం.
ముప్పై తొమ్మిదేళ్ళు పోయాం.

ఈ సాయంత్రం నెవిల్ వచ్చాడు.
ఎడమ చెవిని ఎప్పుడో ఫోర్జ్ షాపుకిచ్చేశాడు,
కుడిచెవి తెచ్చి స్పీకరుకి ఆనించాడు.
ముల్లు దింపాను.
అబ్బ, ఆ డ్రమ్ముల వెనక ఇంకో గిటారుందా!
రెండో పాటలో ఎవరో దగ్గారు,
ఇన్నేళ్ళూ మాకు వినపడకుండా దగ్గారు.
మూడోది.
పోను, పోను, పోను,

చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టయింది.
పాట నడిచిపోతూనే ఉంది.
మమ్మల్నెవరూ పిలవలేదు.

నెవిల్ నా మొహం చూశాడు, నేను వాడి మొహం.
ముల్లెత్తి వెనక్కి పెట్టాను.
ఈసారి సరిగ్గా అక్కడికొచ్చేసరికి
పళ్ళసెట్టు తీసి జేబులో వేసుకుని
నోరు గుండ్రంగా తెరిచి మొదలెట్టాడు,
ఊఁ... అని, నేలలోంచి లేచినట్టు, పైపైకి,
అచ్చం మధ్యాహ్నం రెండు.

వంటింట్లోంచి వనజ,
"ఎనిమిదొందలు పోసి తెచ్చింది దీనికా?"