లైన్ క్లియర్

ఆఫీసు రిజిస్టర్ల ఇప్పటికీ
నా పేరు పక్కన లైన్‌మన్ అనే ఉంటది.
దిద్దమని ఏఈ సార్‌ను ఒకసారి అడిగిన.
"కాలమ్‌ల పట్టది తల్లీ" అన్నడు.
ఉండనీ.

చిన్నప్పుడు లైన్ అంటే నల్లా.
వారాసిగూడల మా గల్లీకి దినం విడిచి దినం నీళ్ళు,
నాకంటే ముందు నా బిందె పోయి నిలబడేది.
బిందె లేకుంటే ఒక రాయి.
రాయి కూడా లైన్ల ఉన్నట్టే లెక్క.
దాన్ని జరిపిందని మా అమ్మ ఒకామెతోని
ఆర్నెల్లు మాట్లాడలే.

తర్వాత మెట్టుగూడ బస్టాపుల
ఒకడు నాకు లైనేసిండు,
నాలుగు నెలలు, ఎండల, అదే గళ్ళ అంగీ.
వాడేం అనలే, నేనూ అనలే.
ఒకనాడు అంగీ కనపడలే.
అంత చిన్నదానికి కూడా అదే మాట.

ఐటీఐ అయినంక కాల్ సెంటర్ల మూడేండ్లు.
"దయచేసి లైన్‌లో ఉండండి" అని
సంగీతం పెట్టి, చాయ్ తాగొచ్చేదాన్ని.
ఎంతమందిని నిలబెట్టిననో!
"ఏం లైనే ఇది, రాత్రిళ్ళు?
మంచి లైన్ చూస్కో" అనేది అమ్మ.

చూస్కున్న.
స్తంభం ఎక్కుడు పరీక్ష.
ఎక్కేటప్పుడు కింద నవ్వినోళ్ళు
దిగేసరికి వాచీలు చూస్కుంటున్నరు.

నిన్న రాత్రి గాలివాన.
బౌద్ధనగర్ల వేపకొమ్మ ఇరిగి తీగెల మీద పడ్డది.
పదకొండు కేవీ.
బాల్కనీలల్ల మొబైల్ లైట్లు, ఎవరిదో పసిపిల్ల ఏడుపు,
"ఇంకెంత సేపమ్మా?"

తడిసిన స్తంభం కింద ఫోన్ చెవికి ఒత్తి పట్టుకున్న.
అవతల సబ్‌స్టేషన్ల బుగ్గయ్య.
మనిషిని ఎన్నడూ చూడలే,
గొంతుల బీడీ మాత్రం తెలుస్తది.
"అన్నా, లైన్ క్లియరా?"

ఆయన ఎంటనే చెప్పడు.
నడిచిపోయి, కండ్లతోని చూసొస్తడు.
ఆ చెప్పుల చప్పుడు వినపడినంత సేపు
నా చేతిగీతలు గ్లౌజుల లోపల తడుస్తుంటయ్.
"క్లియర్ బిడ్డా.
ఇంకోసారి చెప్తున్న, క్లియర్."

నల్లా కాడ, బస్టాపుల, ఫోన్ల
ఆ మాట ఎటు తప్పినా
పక్కకు జరగనీకి ఇంకో అర్థం ఉండె.
ఇక్కడ లేదు.
రాడ్ తగిలించి, ఎర్త్ చేసి, ఎక్కిన.

పన్నెండు దాటినంక,
"వచ్చిందీ!" అని గల్లీ అంతా ఒక్కటే కేక,
ఊరి నుంచి మేనత్త దిగినట్టు.
నా దిక్కు ఎవరూ చూడలే. టీవీలు మొదలైనయ్.

తెల్లారగట్ల ఇంటికి పోతుంటే
నల్లా కాడ అమ్మ.
ఆమె బిందె ఎనుక ఒక రాయి.
"ఎవరిదమ్మా?" అన్న.
"నీదే" అన్నది.