ధర చెప్పని పుస్తకం

వెండెల్ కోస్కీ పోయిన ఎనిమిదో నెలలో
అతని బేస్‌మెంట్ తాళం నా చేతికొచ్చింది.
డులూత్‌లో అది మార్చి. సరస్సు మీద మంచు
పగలనా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
మెట్ల కింద పద్నాలుగు నోటుపుస్తకాలు.
పైపు పగిలిన రాత్రి వాటిలో మూడు నీళ్లు తాగేశాయి.
ఉబ్బిన పేజీలు ఒకదాన్నొకటి వదలనంటున్నాయి.

నేను బస్సు డిపోలో బ్రేకులు బిగించేదాన్ని.
డ్రమ్ములంటే నాకున్నది ఒక్కటే,
గరాజ్ సేల్‌లో పదకొండు డాలర్లకి దొరికిన స్నేర్.
రిమ్ము మీద ఎవరో సిగరెట్ ఆనించి మరిచిపోయిన మచ్చ,
పక్కన బొటనగోరంత ఇత్తడి బ్యాడ్జి,
దాని మీద అయిదంకెలు.
ఆ అంకెలు ఫోన్లో చదివితే
అవతల కాగితాల గరగర, ఒక దగ్గు,
తర్వాత వెండెల్ గొంతు:
"ఇరవై తొమ్మిది, చలికాలం. లోపల చూడు,
పెన్సిల్‌తో ఒక పేరుండాలి."
టార్చి వేసి చూశాను. ఉంది.
ఇంగా.
మేపుల్ చెక్కని ఆవిరిపట్టి వంచిన మనిషి
ఎవరికీ కనపడని చోట సంతకం పెట్టి వెళ్లింది.

పైసా తీసుకునేవాడు కాదు వెండెల్.
తన డప్పు తాను కొట్టుకోవడం చేతకాని మనిషి,
ఊళ్లో వాళ్ల డప్పులన్నిటి పుట్టుకా రాసిపెట్టాడు.
ఒక్కటే పట్టింపు. "దీని ధరెంత?" అంటే
టక్కున ఫోన్ పెట్టేసేవాడు.
పాస్టరైనా సరే. సొంత బావమరిదైనా సరే.

తాళం నాకెలా వచ్చిందంటే,
చికాగో నుంచి ఒకాయన దిగాడు, ఒంటె రంగు కోటులో.
పద్నాలుగింటికీ కలిపి చెక్కు రాస్తానన్నాడు.
వెండెల్ కూతురు ఐలా కాఫీ పోసింది,
మళ్లీ పోసింది,
చెక్కు ఊసు మాత్రం ఎత్తలేదు.
ఆయన కారు మలుపు తిరిగాక నాకు ఫోన్ చేసి
"నీకు బోల్టులు లెక్కపెట్టే ఓపికుంది కదా" అంది.

తడిసిన మూడింటినీ వరండాలో గడ్డకట్టించాను.
బూజు పట్టకుండా చలే కాపాడుతుందని
లైబ్రరీలో పనిచేసే మార్సెల్ చెప్పాడు.
ఆపైన వెన్న రాసే కత్తితో
పేజీకో సాయంత్రం.
అంకెలు నీలంగా కరిగి
పక్క అంకెల ఒళ్లో పడి ఉన్నాయి.

పదకొండో పుస్తకంలో నా ఇంగా దొరికింది.
దానికి ముందు నంబరు ముప్ఫై మూడులో పుట్టింది,
తర్వాతది ఇరవై ఆరులో.
తమ్ముడి తర్వాత అన్న పుట్టినట్టు.
మార్జిన్‌లో ఎర్ర పెన్సిల్, వెండెల్ రాతే:
"బ్యాడ్జీలు డబ్బాలో పోసుకుని
చేతికందింది కొట్టేసేవాళ్లు.
నావన్నీ కాకి లెక్కలు."

రెండు రోజులు ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు.
ఫోన్లో అంత రూఢిగా, అంత నెమ్మదిగా
"చలికాలం" అన్నాడే!
ఆ చలికాలాన్ని నేను ఇరవై ఏళ్లు నమ్మానే.
నా డ్రమ్ము వాయించినప్పుడల్లా
ఆవిరి గదిలో ఇంగా, బయట మంచు.

మూడో రోజు స్కేలు తీసుకుని
ప్రతి పేజీలో కుడిపక్కన ఒక గీత గీశాను.
పైన "బహుశా" అని రాశాను.
అంతకన్నా మరమ్మతు నాకు తెలియదు.

ఏప్రిల్‌లో పాత నంబరుకే ఫోన్ కనెక్షన్ తెచ్చాను.
తొమ్మిది రోజులు ఎవరూ లేరు.
పదో రోజు ఫార్గో నుంచి ఒక కుర్రాడు,
వాళ్ల అమ్మమ్మ పోల్కా బ్యాండులో వాయించిన డ్రమ్మట.
"దీనికి ఎంతొస్తుందండీ?"

నా చెయ్యి దానంతటదే ఫోన్ పెట్టేయబోయింది.
అది వెండెల్ చెయ్యి.
ఆపి, అడిగాను:
"ఎప్పుడైనా వాయించావా?"
"పుల్లల్లేవు."
"చెంచా?"
సొరుగు లాగిన చప్పుడు. గిన్నెలు కదిలాయి.
తర్వాత అది.

తోలు సడలిపోయింది. అడుగు తీగల్లో ఒకటి
ముసలి పిల్లిలా గుర్రుమంటోంది.
పెన్సిల్ చెక్కుకున్నాను.
అబ్బాయ్, నంబరు అప్పుడే చెప్పకు.
ఇంకోసారి కొట్టు.