ఇంకా నొప్పి లేని చోటు

నక్కలగుట్ట స్కానింగు సెంటర్లో
పైసలు తీసుకోని కేసులు రాత్రి తొమ్మిది తర్వాతే పెడతారు.
వెల్దండి అనసూర్య, కొత్తవాడ, నలభై ఒకటి.
జబ్బు అనే గడిలో ఏం రాయాలో తెలియక
కలం పట్టుకుని కూర్చున్నాను.

"నాకేం నొస్తలేదు సారూ.
మగ్గం మీద ఇరవై ఏండ్లు దాటినోళ్ళను
డాక్టరమ్మ రమ్మన్నది. అచ్చిన."

మట్టెలు తీసింది.
పుస్తెలతాడు తీయడానికి కాసేపు గోడవైపు తిరిగింది.
కొంగుముడిలో పది రూపాయల బిళ్ళ, ఒక దబ్బనం.
దబ్బనం చూసి నాకు చెమట పట్టింది.
లోపలి అయస్కాంతానికి అది దొరికితే
బాణమైపోతుంది.

పొద్దున తీసిన ఎక్స్‌రే దీపం ముందు పెట్టాను.
తెల్లటి ఎముక మీద తెల్లటి ఎముక,
నడుమ నల్లటి సందు.
అంతా బాగుంది అంటుంది ఎక్స్‌రే.
దానికి ఎముక భాష ఒక్కటే వచ్చు.
ఆ సందులో కాపురమున్నవాళ్ళను అదెన్నడూ చూడలేదు,
అరిగి అరిగి సందు మూసుకుపోయాక
వాళ్ళు లేరని మాత్రం చెబుతుంది.

మేం చదువుకున్న పుస్తకంలో దాని పేరు మృదులాస్థి.
బయట బెంచీ మీద అందరూ అనేది గుజ్జు.
నరం లేదు దానికి, నెత్తురు లేదు,
ఏడవడం రాదు.
పక్కనున్న ఎముక అరిచిందాకా
అది పోతున్న సంగతి ఇంటివాళ్ళకు తెలియదు.

నలభై నిమిషాల మోత.
టకటక, గర్‌ర్, మళ్ళీ టకటక.
వణికేవాళ్ళుంటారు, గంట నొక్కేవాళ్ళుంటారు.
ఆమె నిద్రపోయింది.
లేపితే కళ్ళు నులుముకుంటూ అన్నది:
"మీ మగ్గంల ఏదో పలక వదులైంది సారూ,
సూపిచ్చుకోండ్రి."

తెర మీద రంగులు దిగాయి.
ఎడమ మోకాలు అంతా ఒకటే నీలం.
కుడి మోకాలు చిప్ప వెనక
చిటికెన గోరంత ఎరుపు, అంచుల్లో పసుపు.
చిరగలేదు. మందం తగ్గలేదు.
కొలబద్ద పెడితే అన్నీ సరిపోతాయి.
లోపలి పోగులు మాత్రం
ఒకదాని చెయ్యి ఒకటి వదిలేస్తుంటే
ఆ ఖాళీల్లోకి నీళ్ళు చేరుతున్నాయి.

పేషెంటుకు చూపించకూడదని రూలు.
ఆమె అప్పటికే నా కుర్చీ వెనక నిలబడి ఉంది.

"గీ రంగులు ఎవలు ఏసిండ్రు?"
ఎవరూ వెయ్యలేదమ్మా, లోపలన్నీ అంకెలే,
ఏ అంకెకు ఏ రంగో మిషను చూసుకుంటుంది.
"మాకూ గంతే. ముందుగాల గళ్ళ కాయితం మీద లెక్క.
జంఖాన ఆ తర్వాత."
వేలు తెరకు తాకీ తాకకుండా ఎరుపు మీద ఆగింది.
"గీడ పేక సడలింది."

డాక్టరమ్మ దీనికి వాడే మాట గజం పొడుగుంటుంది.

"నొయ్యని కాలును ఖరాబైందని ఎట్ల నమ్మాలె సారూ?"
నా దగ్గర జవాబు లేదు.
ఎప్పటిదో రాబోయే నొప్పిని ఇవాళే చేతిలో పెట్టి
జాగ్రత్త అని పంపడం నా ఉద్యోగం.
ఈ కాగితం తీసుకెళ్ళి
మంచి కాలితోనే కుంటడం మొదలుపెట్టినవాళ్ళను చూశాను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.
కుడికాలు గాల్లో తొక్కి చూసుకుంది, రెండుసార్లు,
ఇంకోసారి మెల్లగా.
"తొక్కుడు చెక్క కిందికున్నది.
మా అత్త కొలతకు ఏపిచ్చింది. ఆమె పొడుగు.
వడ్ల మొండయ్యకు చెప్పి
రెండు వేళ్ళంత ఎత్తు లేపిపిస్త."

అంతే. ఇరవై రెండేళ్ళుగా
ఇంకొకామె కాలి పొడుగును తొక్కుతోంది.

దబ్బనం అడిగి తీసుకుని ఆటో ఎక్కింది.
జబ్బు గడి ఖాళీగానే పంపించాను.

తెల్లారి మిషను కంపెనీ అతనికి ఫోను చేశాను,
ఏదో పలక వదులైనట్టుంది, ఒకసారి వచ్చి చూడమని.
బొమ్మలు బాగానే వస్తున్నాయి కదా అన్నాడు,
ఏం చెడిపోలేదు కదా.

ఇంకా లేదు, అన్నాను.