పదో రసీదు

సాయంత్రానికి పది రాయమన్నారు.
తొమ్మిదయ్యాయి.
పాలకొండ బస్సు వెనకాల ఇద్దరు ఐటీఐ కుర్రాళ్ళు,
ఒకే సిగరెట్టుకి రెండు రసీదులు,
అది ఎవరిదో తేలక వాళ్ళలో వాళ్ళే పోట్లాట.
ఆమదాలవలస ఆటో గవరయ్య
బీడీ వెలిగించనే లేదన్నాడు, చెవి మీద పెట్టుకున్నానన్నాడు,
చెవి మాత్రం వెచ్చగా ఉంది.
రిటైరైన మాస్టారొకాయన బోర్డు కిందే నిలబడి
'త్రాగరాదు' అక్కర్లేదోయ్, 'తాగరాదు' చాలు అని
నాకు వ్యాకరణం చెప్పి మరీ కట్టాడు.
మిగతావాళ్ళు గుర్తులేరు.

నేను హోంగార్డుని.
పుస్తకం ఎస్సైగారిది, కార్బన్ కాగితం నాది.
వేళ్ళు ఎప్పుడూ నీలం.

కళింగపట్నం బస్సు ఆగేచోట
ఖాళీ చేపలగంప బోర్లించి కూర్చుందొకామె.
నోరు మూసే ఉంది.
బుగ్గలు మాత్రం లోపలికి పోతున్నాయి, వస్తున్నాయి,
కొలిమి తిత్తిలాగ.
పెదాల మధ్య అంగుళం పొగాకు,
చల్లటి కొస బయటికి.

అడ్డపొగ.

చిన్నప్పుడు మా నాయనమ్మని
నోరు తెరవమని పీక్కుతినేవాళ్ళం గుంటలమంతా,
లోపలి దీపం చూడ్డానికి.

"ఏటి బాబూ?" చుట్ట తియ్యకుండానే అంది.
"ఇక్కడ తాగకూడదమ్మా. రెండొందలు."
"పొగేదీ?"
చూశాను. ముక్కులోంచి ఒక దారం,
అదీ గాలికి తెగిపోయింది.
"బయట నిప్పు సర్కారుది.
నోట్లో నిప్పు నాది కాదేటి?"

రసీదులో గళ్ళుంటాయి.
పేరు: సూరాడ కొర్లమ్మ.
ఊరు: బందరువానిపేట.
నేరం జరిగిన స్థలం:
కలం ఆగింది.
బస్టాండు అని రాయాలి.
నోటి లోపల అని రాశాను.

"ఎవరు నేర్పారమ్మా, ఇలా తిరగేసి తాగడం?"
"మాయమ్మ.
తెప్పమీన నీరు, ఒడ్డుమీన గాలి.
నిప్పు దాసుకోడానికి ఇంకో సోటు సూపించు,
అక్కడే దాసుకుంతాను."

ఆర్పమన్నాను.
గంప అంచుకి నలిపింది. చూడు అన్నట్టు నోరు తెరిచింది.
ఫోను లైటు వేశాను, ఎందుకు వేశానో,
ఆ దీపం కోసమేనేమో.

అంగిలి నిండా తెల్లటి పొర.
నౌపడ మడుల్లో ఎండాకాలం పేరే ఉప్పులాగ.
మధ్యలో ఒకచోట
పొర చిట్లి, ఎర్రగా.

మా నాయనమ్మకి చివర్లో గంజి కూడా దిగలేదు.
మా ఇంట్లో ఎవరూ లైటు వెయ్యలేదు.

కొంగుముడి విప్పింది.
పదులు, ఇరవైలు, తడి, ఒక నోటుకి పొలుసు.
నూట నలభై.
తీసుకున్నాను. అవును, తీసుకున్నాను.
అరవై నా జేబులోంచి వేశాను.
గొప్పకి కాదు, లెక్క చెబుతున్నాను,
పది రసీదులకి రెండువేలు చూపించాలి.

రసీదు వెనక రాశాను:
రిమ్స్, పంటి డాక్టరు, ఓపీ, పొద్దున్న తొమ్మిది.
"ఇది పట్టుకెళ్ళి చూపించమ్మా."
"దానికీ రెండొందలేనా?" అని
గంప నెత్తినెత్తుకుని బస్సెక్కింది.
ఆర్పిన చుట్టముక్కని
ఆ రసీదులోనే చుట్టి ముడేసుకోవడం చూశాను.

రాత్రి ఎస్సైగారు స్థలం గడి చదివి
పొట్ట పట్టుకుని నవ్వారు, పక్క స్టేషనుకి ఫోను చేసి చెప్పారు.
నేనూ నవ్వాను.

మూడో మంగళవారం వచ్చింది.
కాగితం ఎనిమిది మడతలు, చేపనీచు,
నా నీలం అక్షరాలు సగం చెరిగిపోయి.
"బాబూ, ఈ సీటీ ఆస్పత్రిలో సెల్లదంట.
పోలీసోలదంట.
మరి దేనికి సెల్లుద్ది?"

అంత దగ్గరగా నిలబడి అడిగినా
పొగాకు వాసన రాలేదు.
మానేసిందో,
ఆ నూట నలభై ఇంకా కూడలేదో,
అడగలేదు నేను.

కింద సంతకం నాదే.
దాన్ని వేలితో చూపిస్తూ
కాగితం నా చేతిలో పెట్టి
నిలబడింది.